ఊరు మారినా చికిత్స ఆగరాదు

(తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాలలో స్థిరపడుతున్న తెలుగు కుటుంబాల కొరకు చేసిన ప్రసంగ పాఠం)



తిరువళ్లూరులో కొలువైన వీరరాఘవస్వామిని భక్తులు వైద్య వీరరాఘవుడని పిలుస్తారు. అమావాస్య నాడు ఆంధ్ర ప్రాంతం నుంచి కూడా ఎందరో వచ్చి, హృత్తాపనాశిని అనే కోనేటిలో బెల్లం కలుపుతారు. ఆ బెల్లం వలెనే తమ నొప్పులూ కరిగిపోవాలని మొక్కుకొంటారు. రోగం నయం కావాలని మనిషి సరిహద్దు దాటడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఎముక విరిగితే తమిళ గ్రామాలవారు పుత్తూరు కట్టుకు పోతారు. పెద్ద జబ్బు చేస్తే చిత్తూరు జిల్లావారు వేలూరుకో చెన్నైకో వస్తారు. ఈ ప్రయాణాలన్నిటిలో రోగి వైద్యం చేయించుకొని తన ఇంటికి తిరిగి పోతాడు. నేటి ప్రసంగ విషయం అందుకు భిన్నమైనది. రోగి ఇల్లే మారితే, ఏళ్ల తరబడి సాగుతున్న చికిత్స ఏమవుతుంది?

తిరుత్తణివారికి సరిహద్దు కథ బాగా తెలుసు. చిత్తూరు జిల్లాలో ఉండిన తిరుత్తణి, పటాస్కర్ సిఫారసుల మేరకు, 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టం ద్వారా 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఆనాడు మనుషులు ఉన్నచోటనే ఉన్నారు, రాష్ట్రం మారింది. నేడు మనుషులు మారుతున్నారు. నగరి నుంచి, పుత్తూరు నుంచి, నెల్లూరు నుంచి, మరెంతో దూరాన ఉన్న శ్రీకాకుళం నుంచి ఉపాధి కొరకు ఇటు వస్తున్నారు. వారితో పాటు వృద్ధులైన తల్లిదండ్రులూ వస్తున్నారు. వారి వెంట చక్కెర వ్యాధి వస్తుంది, రక్తపోటు వస్తుంది, ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు వస్తాయి. రాకుండా పాత ఊరిలోనే మిగిలిపోయేది ఒక్కటే: ఆ వ్యాధి చరిత్ర.

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. కుమారునికి తిరువళ్లూరు పక్కనున్న కాక్కళూరు పారిశ్రామిక వాడలో పని దొరికింది. నగరిలో మరమగ్గం మీద పనిచేసిన తల్లిని తన దగ్గరకు తెచ్చుకొన్నాడు. ఆమెకు పదేళ్లుగా చక్కెర, రక్తపోటు ఉన్నవి. అక్కడి వైద్యునికి ఆమె సంగతి అంతా కంఠస్థం. ఏ మాత్ర పడలేదో, ఏ సంవత్సరం కాలికి పుండు పడిందో, మోతాదు ఎందుకు తగ్గించవలసి వచ్చిందో ఆయనకు తెలుసు. కాగితం మీద మాత్రం ఏమీ లేదు. ఇల్లు మారేటప్పుడు బియ్యం డబ్బా, కుట్టుమిషను, దేవుని పటాలు జాగ్రత్తగా వచ్చినవి. మందుల చీటీ ఎక్కడో పోయింది. మాత్రలు అయిపోయినప్పుడు, 'ఊరికి పోయినప్పుడు తెచ్చుకొందాంలే' అని వారం గడిచింది, రెండు వారాలు గడిచినవి. తరువాత పాత మాత్రల అట్టముక్క చూపించి దుకాణంలో ఏదో కొన్నారు. ఇంకొన్నాళ్లకు ఆసుపత్రిలో వేరే పేరుతో మాత్రలు ఇచ్చారు. ఆమె రెండూ వేసుకొన్నది. ఒక ఉదయం చెమటలు పట్టి, వణుకు వచ్చి, మాట తడబడి కూలబడిపోయింది. రెండు అట్టలలోనూ ఉన్నది ఒకే మందు. చక్కెర అమితంగా పడిపోయింది.

ఈ కథలో దుర్మార్గులెవరూ లేరు. కొడుకు ప్రేమగలవాడే, వైద్యులు సమర్థులే. తెగిపోయినది చికిత్స గొలుసు మాత్రమే. అది మూడుచోట్ల తెగుతుంది: మందుల దగ్గర, కాగితాల దగ్గర, మాటల దగ్గర.

మొదట మందులు. ఊరు మారే రోజుకు కనీసం ఒక నెలకు సరిపడా మందులు చేతిలో ఉండాలి. కొత్త ఊరిలో ఇల్లు సర్దుకొని, ఆసుపత్రి తెలుసుకొని, వైద్యుని చూడడానికి పట్టే కాలం అనుకొన్నదాని కంటే ఎక్కువే ఉంటుంది. కొన్ని మందులను ఒక్క రోజైనా ఆపరాదు. చిన్ననాటి నుంచి ఇన్సులిన్ మీద ఆధారపడినవారు దానిని ఆపితే ఒకటి రెండు రోజులలోనే ప్రాణాపాయం కలుగవచ్చు. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా మానితే వెంటవెంటనే మూర్ఛలు రావచ్చు. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలను, కొన్ని రక్తపోటు మాత్రలను ఉన్నపళంగా మానడం కూడా ప్రమాదమే. ఒంట్లో బాగుందన్నది మందు ఆపడానికి కారణం కాదు. బాగుండడానికి కారణం ఆ మందే.

ఇన్సులిన్ వాడేవారు మరొక సంగతి తెలుసుకోవాలి. ఈ దేశంలో సీసాలలో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలం గలది. పెన్నులలో వాడేది 100 యూనిట్ల బలం గలది. 100 యూనిట్ల సీసాలు కూడా ఉన్నవి. 40కి తగిన సిరంజికి ఎర్ర మూత, 100కు తగిన సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలోకి తీస్తే, 20 గీత దగ్గరకు వచ్చేది 20 యూనిట్లు కాదు, 50 యూనిట్లు. అందుచేత కొత్త దుకాణంలో కొనేటప్పుడు సీసా మీది సంఖ్యను, సిరంజి మీది సంఖ్యను పోల్చి చూడాలి. ప్రయాణంలో ఇన్సులిన్‌కు ఎండ తగలరాదు, అది గడ్డకట్టనూ రాదు. కొత్త ఇంట్లో ఫ్రిజ్ వచ్చేదాకా, నీరు పోసిన మట్టికుండలో తడి తగలకుండా డబ్బాలో పెట్టి ఉంచడం వైద్యులు అంగీకరించిన పద్ధతే.

రెండవది కాగితం. ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి రోగి చరిత్ర తనంతట తాను నడిచి రాదు. దానిని తేవలసినవాడు రోగియే. బయలుదేరక ముందే పాత వైద్యుని కలిసి, ఒక్క పుటలో సంగ్రహం వ్రాయించుకోవాలి. వ్యాధి పేరు, అది ఎప్పటినుంచి ఉన్నది, ఇప్పుడు వాడే మందులు, మోతాదు, వేళలు, పడని మందులు, జరిగిన శస్త్రచికిత్సలు అందులో ఉండాలి. మందులను కంపెనీ పెట్టిన పేర్లతో గాక జెనరిక్ పేర్లతో వ్రాయించుకోవడం ముఖ్యం. ఒకే మెట్‌ఫార్మిన్‌ను ఎన్నో కంపెనీలు ఎన్నో పేర్లతో అమ్ముతున్నవి. ఒకే మాత్రలో రెండు మందులు కలిపి అమ్మేవీ ఉన్నవి. నగరిలో దొరికిన పేరు తిరువళ్లూరులో దొరకకపోవచ్చు, కాని మందు దొరుకుతుంది. జెనరిక్ పేరు తెలిసినవానికి ప్రభుత్వ ఆసుపత్రి మందు, జనఔషధి దుకాణం మందు, తాను ఇదివరకు వాడిన మందు ఒకటేనని తెలుస్తుంది. కథలోని తల్లికి జరిగిన ప్రమాదం అతనికి జరగదు.

సంగ్రహంతో పాటు ఇటీవలి పరీక్షల కాగితాలు ఉండాలి. చక్కెర ఉన్నవారికి గత రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి, మూత్రపిండాల స్థితిని తెలిపే క్రియాటినిన్, గుండె జబ్బు ఉన్నవారికి ఇసిజి, ఎకో కాగితాలు అవసరం. గుండెలో కవాటం మార్పించుకొని వార్ఫరిన్ వంటి మందు వాడేవారు గత కొన్ని నెలల ఐఎన్ఆర్ సంఖ్యలను తప్పక వెంట ఉంచుకోవాలి. స్టెంటు వేసినవారు ఆ కార్డును పారవేయరాదు. అన్నిటినీ ఫోనులో ఫొటోలు తీసి, ఇంటిలోని మరొకరి ఫోనుకు కూడా పంపి ఉంచడం మంచిది. 2021లో దేశమంతటా ఆరంభమైన డిజిటల్ ఆరోగ్య పథకం క్రింద 14 అంకెల ఆభా సంఖ్యను పొందవచ్చు. అయినా ఆ సంఖ్య కాగితాలకు తోడే గాని వాటికి బదులు కాదు. ఆ ఏర్పాటులో చేరి, రోగి వివరాలను ఎక్కించిన ఆసుపత్రుల కాగితాలే అందులో కనిపిస్తాయి.

పేరు విషయంలో తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. తెలుగునాట ఇంటిపేరు ముందు, పేరు తరువాత. తమిళనాట పేరుకు ముందుండే అక్షరం తండ్రి పేరును తెలుపుతుంది. దానితో ఒకే మనిషి ఆధార్‌లో ఒక అక్షరంతో, కొత్త ఆసుపత్రి చీటీలో మరొక అక్షరంతో ఇద్దరు మనుషులవుతాడు. బీమా అనుమతి అవసరమైన రోజున ఈ చిన్న తేడాయే అడ్డుపడుతుంది. మొదటి చీటీ వ్రాసే చోటనే ఆధార్ చూపి, అందులో ఉన్నట్లే పేరు వ్రాయించుకోవాలి.

డయాలిసిస్ చేయించుకొనేవారికి జాగ్రత్త మరింత అవసరం. ఎక్కువమందికి వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి సుమారు నాలుగు గంటలు ఈ చికిత్స జరుగుతుంది. దానిలో ఒక్క వారం ఖాళీ కూడా భరించరానిది. మూత్రపిండాల వ్యాధి దీర్ఘకాలంగా పీడిస్తున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాల నుంచి వచ్చేవారు దీనిని గుర్తుంచుకోవాలి. కొత్త కేంద్రంలో చోటు ఖాయమైన తరువాతనే సామాను కట్టాలి. ఆ కేంద్రం హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి పరీక్షల ఇటీవలి ఫలితాలను అడుగుతుంది. నీరు తీసిన తరువాత ఉండవలసిన బరువు, ఫిస్టులా ఏ చేతికి ఉన్నది, హెపటైటిస్ బి టీకాలు ఎన్ని పడినవి అన్న వివరాలు పాత కేంద్రం వ్రాసి ఇవ్వాలి.

క్షయకు మందులు వాడుతున్నవారు ఊరు మారుతున్నట్లు ముందే ఆరోగ్య సిబ్బందికి చెప్పాలి. నిక్షయ్ నమోదు దేశమంతటికీ ఒకటే కాబట్టి ఆ సంఖ్యతో చికిత్సను కొత్త ఊరికి బదిలీ చేస్తారు. పోషకాహారం కొరకు నెలనెలా ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుంచి 500 రూపాయలకు బదులు 1000 రూపాయలైనది. హెచ్ఐవి మందులు వాడేవారికి కూడా ఒక ఏఆర్‌టి కేంద్రం నుంచి మరొక కేంద్రానికి బదిలీ పత్రం ఇస్తారు. ఇంటి యజమానికి గాని, పనిలో పెట్టుకొన్నవారికి గాని ఆ సంగతి చెప్పవలసిన అగత్యం లేదు. 1097కు ఫోను చేస్తే సలహా ఉచితంగా లభిస్తుంది.

కొత్త ఊరిలో మొదట ఎక్కడికి పోవాలి? చాలామంది నేరుగా చెన్నై పెద్దాసుపత్రికి రైలెక్కుతారు. చక్కెరకు, రక్తపోటుకు ఆ శ్రమ అక్కరలేదు. ఇంటికి దగ్గరగా ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నమోదు కావడం తొలి మెట్టు. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో ఆరంభమైన 'మక్కళై తేడి మరుత్తువం', అనగా ప్రజల వద్దకే వైద్యం, అనే పథకం క్రింద చక్కెరకు, రక్తపోటుకు మందులు ఇంటికే తెచ్చి ఇస్తారు. మంచాన పడినవారికి ఫిజియోథెరపీ, ఉపశమన చికిత్స కూడా ఇంటివద్దనే అందుతాయి. ఈ సేవ పొందాలంటే ఆ ఇంటిలో ఒక రోగి ఉన్నట్లు ఆరోగ్య కేంద్రానికి తెలియాలి. కొత్తగా అద్దెకు వచ్చిన ఇల్లు తనంతట తాను వారి జాబితాలో చేరదు. ప్రత్యేక వైద్యుడు అవసరమైతే తిరుత్తణి ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. 2022 జనవరిలో ప్రారంభమైన తిరువళ్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది.

బీమా కార్డు సంగతి కూడా స్పష్టంగా తెలిసి ఉండాలి. ప్రభుత్వ కేంద్రంలో వైద్యుని చూడడానికి, నెలవారీ మాత్రలు తీసుకోవడానికి బీమా అవసరం లేదు. అది శస్త్రచికిత్స వంటి పెద్ద ఖర్చు కొరకు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఆంధ్రప్రదేశ్ పథకం నేడు ఎన్టీఆర్ వైద్యసేవ అనే పేరుతో నడుస్తున్నది. 2019 నవంబరు 1 నుంచి దానిని చెన్నైలోని ఎంపిక చేసిన ఆసుపత్రులలో కొన్ని చికిత్సలకు వర్తింపజేశారు. కనుక పాత కార్డును పనికిరానిదని పారవేయరాదు. ఏ ఆసుపత్రిలో, ఏ చికిత్సకు అది చెల్లుతుందో చేరక ముందే విచారించుకోవాలి. తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకానికి కుటుంబ కార్డు, ఆదాయ ధ్రువపత్రం కావాలి. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి 6 నెలలకు పైగా నివసిస్తున్నవారు తగిన అధికారి ధ్రువీకరణతో అందులో చేరవచ్చు. వివరాలు కలెక్టరు కార్యాలయంలోని పథకం కౌంటరులో తెలుస్తాయి. 70 సంవత్సరాలు నిండిన వృద్ధులకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 2024 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ పథకం క్రింద వేరుగా కార్డు ఇస్తున్నారు.

ఇక మూడవది మాట. మందుల చీటీ ఇంగ్లీషులో ఉంటుంది, బాధ మాత్రం మాతృభాషలోనే ఉంటుంది. తెలుగు, తమిళం అక్కచెల్లెళ్లు కాబట్టి ఎలాగో అర్థమవుతుందని అందరూ భావిస్తారు. అసలు ప్రమాదం అక్కడనే ఉన్నది. బొత్తిగా తెలియని మాట వింటే వైద్యుడు మళ్లీ అడుగుతాడు. తెలిసినట్లే ధ్వనించే మాట వింటే అడగడు.

తెలుగులో ఆయాసం అంటే ఊపిరి ఆడకపోవడం. తమిళంలో ఆయాసం అంటే అలసట. రాత్రి పడుకొంటే ఊపిరాడక లేచి కూర్చొనే గుండెరోగి 'ఆయాసంగా ఉన్నది' అంటే, విన్నవారు పని ఎక్కువై అలసిపోయాడనుకొనవచ్చు. అతడు చెప్పవలసిన తమిళ మాట 'మూచ్చుత్తిణరల్'. తెలుగులో మూర్ఛ అంటే కాళ్లూ చేతులూ కొట్టుకొనే జబ్బు. తమిళంలో 'మూర్చ్చై' అంటే స్పృహ తప్పడం మాత్రమే. ఆ జబ్బును వారు 'వలిప్పు' అంటారు. ఈ తేడా తెలియక ఏళ్లనాటి మూర్ఛరోగి, నీరసంతో కళ్లు తిరిగి పడినవాడుగా చీటీకెక్కవచ్చు. చక్కెర రోగి 'కాళ్లకు తిమ్మిరి' అంటే నేటి తమిళ వాడుకలో 'తిమిర్' అనగా పొగరు. కాళ్లకు పొగరేమిటని నవ్వు రావచ్చు. కాని ఆ తిమ్మిరి నరాలు దెబ్బతింటున్న సూచన, నవ్వి వదలదగినది కాదు. దానికి 'మరత్తుప్పోదల్' అనాలి. తెలుగులో అవసరం అంటే కావలసి ఉండడం, తమిళంలో 'అవసరం' అంటే తొందర. 'మందు అవసరం' అని మామూలుగా అంటే తొందరపెడుతున్నట్లు వినిపిస్తుంది. రక్తపోటును 'రత్తక్కొదిప్పు' అని, గుండెలో నొప్పిని 'నెంజు వలి' అని, చక్కెర వ్యాధిని 'సక్కరై నోయ్' అని అంటారు.

ఈ పది మాటలు నేర్చుకోవడానికి ఒక సాయంకాలం చాలు. అవి రానివారు మాటకు బదులు వర్ణన చెప్పాలి. 'ఆయాసం' అని ఆగిపోక, మెట్లెక్కితే ఊపిరి అందడం లేదని, రాత్రి వెల్లకిలా పడుకోలేనని చేతితో చూపి చెప్పాలి. తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతాలలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు రెండు భాషలూ వచ్చును. పొరుగింటికి కొత్తగా వచ్చిన ముసలితల్లి వెంట ఒక్క పూట ఆసుపత్రికి పోయి ఆమె మాటను సరిగా దాటించడం వారు చేయగల గొప్ప సహాయం. ఆ పనిని బడిపిల్లల మీద పెట్టడం మంచిది కాదు. పెద్దల జబ్బు మాటలు పిల్లలకు తెలియవు, తెలిసినా కొన్నిటిని నోట పలుకలేరు.

ఆపద వేళలో ఏ కాగితం కొరకూ ఆగరాదు. గుండెలో నొప్పి, ఊపిరాడకపోవడం, నోరు వంకర పోవడం, స్పృహ తప్పడం కనిపిస్తే 108కి ఫోను చేయాలి. సలహాకు 104 ఉన్నది. ఈ రెండు సంఖ్యలు సరిహద్దుకు అటూ ఇటూ ఒకటే. కొత్తవారు తమ కొత్త చిరునామాను, ఇంటి దగ్గరి గుర్తును తమిళంలో ఒక కాగితం మీద వ్రాయించి తలుపు లోపల అంటించి ఉంచుకోవాలి. భయంలో వీధి పేరు గుర్తుకు రాదు.

కథలోని తల్లి దగ్గరకు తిరిగి వస్తే, కోలుకొన్న తరువాత ఆమె కుమారుడు చేయవలసిన పని చిన్నదే. ఇరవై రూపాయల నోటు పుస్తకం ఒకటి కొనాలి. మొదటి పుటలో ఆధార్‌లో ఉన్నట్లు ఆమె పేరు, వ్యాధులు, జెనరిక్ పేర్లతో మందులు, పడని మందు. రెండవ పుటలో తెలుగులో బాధ, ఎదురుగా తమిళ మాట. ఆ తరువాతి పుటలలో ప్రతి పరీక్ష ఫలితం తేదీతో సహా. నగరిలోని వైద్యునికి ఒకసారి ఫోను చేసి, ఆయన జ్ఞాపకంలో ఉన్నదంతా అందులోకి ఎక్కించుకోవాలి. పుస్తకం ఆమె మందుల సంచిలోనే ఉండాలి, కుమారుని బీరువాలో కాదు. కుమారుడు పనికి పోయిన వేళ ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయేది పొరుగువారే కావచ్చు.

వైద్య వీరరాఘవుని కోనేటిలో బెల్లం కలిపే చేతితోనే ఈ పుస్తకమూ వ్రాసుకోవచ్చు. మొక్కుకు అది అడ్డం కాదు. తరువాతి వలసలో సామాను కట్టేటప్పుడు అన్నిటికంటే ముందు సంచిలో చేరవలసినది ఆ నోటు పుస్తకమే.